దూకుడు ఆటగాణ్ణి పక్కన పెట్టాలా, ఆడించాలా?

ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం ఆడే చివరి దశలో, అనవసరంగా పెనాల్టీలు (తప్పు చేసినవాడు కాసేపు బయట కూర్చుంటే టీమ్ ఒక మనిషి తక్కువగా ఆడటం) తెచ్చుకునే ఆటగాడు ఉంటే కోచ్ ముందు రెండు దారులు: తర్వాతి మ్యాచ్‌లో పక్కన పెట్టడం, లేదా టైమ్ తగ్గించి ఆడించడం.

పక్కన పెట్టమనేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. 2 నిమిషాల మైనర్ పెనాల్టీ అవతలివాళ్లు గోల్ కొట్టగానే ముగుస్తుంది, కానీ 5 నిమిషాల మేజర్‌లో ఎన్ని గోల్స్ పడినా టైమ్ మొత్తం ఒక మనిషి తక్కువగా ఆడాల్సిందే. 2019లో శాన్ హోసేతో సిరీస్‌ని తేల్చే ఏడో మ్యాచ్‌లో 3-0 ఆధిక్యంలో ఉన్న వేగాస్, ఒక్క మేజర్ వల్ల 4 గోల్స్ ఇచ్చేసి (ఆ పెనాల్టీ సరైనదేనా అన్నది వేరే గొడవ) చివరికి ఓవర్‌టైమ్‌లో ఓడింది. ఒక్క క్షణం, సీజన్ అంతా పోయింది!

మరి ఆడిస్తే? నజెమ్ కాద్రీని చూడండి. టొరంటోకి ఆడుతూ 2018, 2019 ప్లేఆఫ్స్ రెండిట్లోనూ సస్పెండ్ అయ్యాడు, టీమ్ రెండుసార్లూ బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓడింది, 2019 వేసవిలోనే అతన్ని కొలరాడోకి ట్రేడ్ చేసేశారు. కొలరాడోలో 2021లో మళ్లీ 8 మ్యాచ్‌ల సస్పెన్షన్. అయినా కొలరాడో వదులుకోలేదు. 2022 ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్ గోల్ కొట్టింది అతనే, కప్పూ వాళ్లదే.

నేనైతే ఆడిస్తాను, కాకపోతే ఆటలో చివరిదైన మూడో పీరియడ్‌లో స్కోరు దగ్గరగా ఉంటే బెంచ్ మీదే కూర్చోబెడతాను. తలకి గురిపెట్టి కొట్టేవాడైతే మాత్రం ఎంత గొప్పవాడైనా జెర్సీ ఇవ్వను.