ప్లగ్ పాయింట్ ఐదడుగులు జరపడానికి నాలుగు వేలా అనుకున్నా, బాక్సు విప్పాక నోరు మూసుకున్నా

మాది కూకట్‌పల్లిలో పదిహేనేళ్ల కిందటి టూ బీహెచ్‌కే ఫ్లాటు. వాష్ ఏరియాలో నల్లా ఉంది, నీళ్లు పోయే దారి ఉంది, లైటు కూడా ఉంది, ప్లగ్ పాయింట్ మాత్రం లేదు. కట్టినవాళ్లు మనం ఎప్పటికీ బట్టలు చేత్తోనే ఉతుక్కుంటామనుకున్నారేమో. పాత సెమీ ఆటోమేటిక్ మెషీన్ బాత్రూం పక్కన పెట్టుకుని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం. పోయిన దీపావళికి కొన్న ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ అక్కడ పట్టలేదు. దాన్ని వాష్ ఏరియాలో పెట్టి, వంటింట్లో ఓవెన్ కోసమని ఇచ్చిన 16 ఆంప్స్ పాయింట్ నుంచి కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాం. తప్పే, ఒప్పుకుంటా. మూడు నెలలు ఏమీ కాలేదు. తర్వాత ఒకరోజు మా అత్తగారి దుప్పట్లు 60 డిగ్రీల మీద వేస్తే అరగంటకల్లా కాలిన ప్లాస్టిక్ వాసన. స్విచ్ ఆపి ప్లగ్ పీకితే పిన్ను తగిలి చెయ్యి చుర్రుమంది, బాక్సు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ. నీళ్లు వేడి చేసేటప్పుడు ఆ మెషీన్ 2000 వాట్లు లాగుతుంది, 230 వోల్టుల మీద లెక్కేస్తే తొమ్మిది ఆంప్స్‌కి కాస్త తక్కువ. మా ఎక్స్‌టెన్షన్ బాక్సు వెనక చూస్తే 6ఏ (అంటే 6 ఆంప్స్ వరకే) అని అచ్చేసి ఉంది. అంతే, ఆ పాయింట్‌నే గోడకి అవతల వాష్ ఏరియాలోకి జరిపించాలని డిసైడ్ అయ్యాం.

ముందు ఫోన్‌లో యాప్ ద్వారా ఒక ఎలక్ట్రీషియన్‌ని బుక్ చేశా. చెప్పిన టైముకే వచ్చాడు, యూనిఫాం, చేతిలో బ్యాగు, అంతా నీట్‌గా ఉంది. పాయింట్‌ని బయటినుంచే చూసి, ఫోన్‌లో టకటకా నొక్కి, తొమ్మిది వందలు అన్నాడు. ఎలా చేస్తావు తమ్ముడూ అంటే, "గోడకి రంధ్రం పెట్టి, ఉన్న వైరుకి కొత్త వైరు ముడేసి, టేపు చుట్టి, పైన సిమెంటు కొట్టేస్తా మేడం, కనపడదు కూడా" అన్నాడు. ఆ కనపడకపోవడమే నాకు నచ్చలేదు. రేపు ఆ ముడి వదులైతే ఎక్కడని గోడ పగలగొట్టి వెతకాలి? విజిటింగ్ చార్జీ కట్టి పంపించేశా.

ఇప్పుడు అసలు రివ్యూ. మా వీధి చివర హార్డ్‌వేర్ షాపాయన ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తాడు, ఆయన గురించి. రేపు వస్తానని మూడో రోజు వచ్చాడు. దీనికి ఒక స్టార్ అక్కడే పోయింది. కానీ వచ్చాక రేటు అడిగితే చెప్పలేదు. "విప్పి చూడకుండా ఏం చెప్తానమ్మా" అని మెయిన్ ఆపేసి, ప్లేటు విప్పి, వైర్లు బయటికి లాగి నన్ను పిలిచి చూపించాడు. 16 ఆంప్స్ పాయింట్‌కి 2.5 వైరు (2.5 చదరపు మిల్లీమీటర్ల మందం) ఉండాలి కదా, మాకున్నది 1.5. ఎర్రది, నల్లది ఉన్నాయి. ఆకుపచ్చది, అంటే ఎర్త్, బాక్సులో మూలకి చుట్టచుట్టి వదిలేశారు, సాకెట్‌కి తగిలించనే లేదు. ఆ తర్వాత హాల్లో ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) బాక్సు విప్పి నవ్వాడు. అంత సన్న వైరుకి 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టారట. నాకు అర్థమయ్యేలా ఒక్క ముక్కలో చెప్పాడు: "వైరు ముందు కాలిపోద్దమ్మా, ఎంసీబీ తర్వాత పడిపోద్ది." పదిహేనేళ్లుగా ఆ పాయింట్ మీద గ్రైండర్ తిప్పుతున్నాం.

అప్పుడు చెప్పాడు రేటు: లేబర్ పదిహేను వందలు, సామాను మనమే తెచ్చుకోవాలి, మొత్తం నాలుగు వేల దగ్గర అవుతుందని. ఐదడుగులకా అనబోయి ఆగిపోయా.

గోడలో ఎక్కడా జాయింట్ లేకుండా ఎంసీబీ బాక్సు నుంచి కొత్త పాయింట్ దాకా ఒకే వైరు లాగడం ఆయన పద్ధతి. పాత వైర్ల కొసకి కొత్త వైర్లు మూడూ కట్టి, ముడి లావు కాకుండా టేపు చుట్టి, పైన టాల్కం పౌడర్ పూసి (మా అత్తగారి డబ్బా, సగం అయిపోయింది), నన్ను హాల్లో బాక్సు దగ్గర నిలబెట్టి నెమ్మదిగా లోపలికి తోయమన్నాడు, ఆయన వంటింట్లోంచి పాతవి పట్టుకుని లాగాడు. "వదులమ్మా... ఆగు... వదులు" అంటూ ఇరవై నిమిషాలు. ఒకచోట పట్టేసింది, గట్టిగా గుంజకుండా వెనక్కి తీసి మళ్లీ తోయించాడు. వైర్లు పాత బాక్సు గుండా తెగకుండా అవతలికి వెళ్లాయి, పాత బాక్సు మీద ఖాళీ మూత బిగించాడు. వాష్ ఏరియా వైపు కట్టర్‌తో గాడి అడ్డంగా తిన్నగా కొట్టాడు, ఐమూలగా కొడితే పని తొందరగా అయిపోయేది కానీ రేపు మేకు కొట్టేవాడికి వైరు ఎక్కడుందో తెలియదట. సిమెంటు పూసేముందు ఆ గాడి పక్కన టేపు పెట్టి కొలతలు కనపడేలా ఫోటో తీసుకోమన్నది కూడా ఆయనే. కొత్త సాకెట్ నేలకి నాలుగడుగుల ఎత్తులో, నీళ్లు చిందే నల్లాకి దూరంగా పెట్టాడు. మూత ఉన్న సాకెట్ నేనే పట్టుబట్టి పెట్టించా, ఆయనకైతే అనవసరం అనిపించింది.

నాకు బాగా నచ్చింది చివర్లో చేసిన పని. సాకెట్ బిగించగానే చేతులు దులుపుకోలేదు. సంచిలోంచి ఒక హోల్డర్, బల్బు, రెండు వైరు ముక్కలు ఉన్న టెస్ట్ ల్యాంప్ తీసి, ముందు ఫేజ్‌కి (కరెంటు వచ్చే వైరు) న్యూట్రల్‌కి (తిరిగి వెళ్లే వైరు) పెట్టాడు, వెలిగింది. తర్వాత ఫేజ్‌కి ఎర్త్‌కి పెట్టాడు, వెలగలేదు, అంటే ఎర్త్ అందడం లేదన్నమాట. వెళ్లి చూస్తే ఎంసీబీ బాక్సులో మిగతా ఆకుపచ్చ వైర్లు బిగించే పట్టీయే వదులుగా ఉంది. బిగించి వచ్చి మళ్లీ పెడితే రెండోసారి అంతే వెలుతురు వచ్చింది. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో ఇలా పరీక్షిస్తే అది ట్రిప్ అయిపోతుందట, మాకు లేదు కాబట్టి కుదిరింది. తడి చోటు కదా, 30 మిల్లీ ఆంప్స్‌ది ఒకటి పెట్టించుకోమని చెప్పి వెళ్లాడు. అది వచ్చే నెల జీతం పడ్డాక.

ఖర్చు: 2.5 వైరు మూడు రంగుల్లో పద్నాలుగేసి మీటర్లు (90 మీటర్ల చుట్ట కొననక్కర్లేదు, మా షాపులో మీటర్ల లెక్కన కోసిస్తారు), 16 ఆంప్స్ ఎంసీబీ, సాకెట్, స్విచ్, బాక్సు, పైపు కలిపి రెండున్నర వేలు, ఆయనకి పదిహేను వందలు. రాతపూర్వకంగా బిల్లు లేదు, గ్యారంటీ లేదు.

దుమ్ము మాత్రం మామూలుగా లేదు. కట్టర్ ఆన్ చేసేముందు ఒక్క మాట చెప్పి ఉంటే పప్పుల డబ్బాల మీదైనా దుప్పటి కప్పేదాన్ని, రెండు రోజులు తుడుస్తూనే ఉన్నా. నాలుగు గంటలు ఇంట్లో కరెంటు లేదు, అదీ ముందు చెప్పలేదు. గాడి మీద సిమెంటు వరకే ఆయన పని, లప్పం, పెయింటు మనమే చూసుకోవాలి. ఇంకోటి, ఈ మధ్య కట్టే మైవాన్ ఫ్లాట్లలో గోడలు మొత్తం కాంక్రీటే, అక్కడ ఇలా గాడి కొట్టకూడదు, గోడ పైనుంచి వైరు దాచే ప్లాస్టిక్ కేసింగ్ పట్టీ వేసుకోవాల్సిందే అన్నాడు, మీది అలాంటి ఇల్లయితే ముందే చూసుకోండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. నిన్న మళ్లీ అవే దుప్పట్లు 60 డిగ్రీల మీద వేసి, అయ్యాక స్విచ్ ఆపి ప్లగ్ పట్టుకుని చూశా, చల్లగానే ఉంది. వంటింట్లో పాత బాక్సు మీద వేసిన తెల్ల మూత కాస్త వంకరగా ఉంది. రెండుసార్లు ఫోన్ చేశా, "అటువైపు వచ్చినప్పుడు సరిచేస్తానమ్మా" అన్నాడు, ఇంకా రాలేదు.