వీవోతో నాలుగేండ్లు: ఇంటిపేరు కాడనే పంచాయితీ

వీవో అంటే ఫోన్ కాదు. ఫైలు పెట్టిన రోజు మా అకౌంట్స్ సార్ కూడ "లైబ్రరీకి ఫోన్లెందుకయ్యా?" అనే అడిగిండు. 2003ల అమెరికాల కార్నెల్ యూనివర్సిటీల మొదలైన ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, పరిశోధకుల ప్రొఫైళ్ల కోసం. హన్మకొండల మా సంస్థ లైబ్రరీల నాలుగేండ్ల సంది నేనే నడిపిస్తున్న. దాన్ని నడిపే టామ్‌క్యాట్ సర్వర్, వెతికిపెట్టే సోలర్ ముచ్చట్లు అంతటా దొరుకుతయ్, ఇక్కడ చెప్ప. నా లొల్లి మొత్తం పేర్లతోని.

కొత్త మనిషిని ఎక్కియ్యాలంటే ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. నింపంగనే లాస్ట్ నేమ్ ముందట, కామా, ఎనుక ఫస్ట్ నేమ్, గట్ల లేబుల్ తయారైతది. అమెరికోళ్లకు సరిపోతది. మనకు ఇంటిపేరు ముందట ఉండె, అది కూడ సర్టిఫికెట్ల ఒక్క అక్షరమే. జర్నల్ వాళ్లేమో ఆఖరి మాటనే ఇంటిపేరు అనుకుంటరు. అందుకే మా పీపుల్ పేజీల ఆర్ నొక్కితే రెడ్డిలు, రావులు బారు కట్టి ఉంటరు, అసలు ఇంటిపేర్ల అక్షరాలు బోసిగుంటయ్.

ఇది నవ్వుకునే సంగతి. రెండో ఏడు జరిగింది నవ్వొచ్చేది కాదు. కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లు వచ్చేది ఉండె, పైనుంచి తొందర. జర్నల్ పేపర్ల వివరాలు దాచే క్రాస్‌రెఫ్ నుంచి మావాళ్లయి తెచ్చి, ఇంటిపేరు, మొదటి అక్షరం కలిస్తే ఒక్కలే అనుకునే స్క్రిప్టుతోని పోసేసిన. డూప్లికేట్లు కనవడితే "సేమ్ యాజ్", అంటే ఇద్దరు ఒక్కరే, అని ముడేసిన. తెల్లారి కెమిస్ట్రీ సార్ ఫోన్: "ఏమయ్యా, నేనెప్పుడు వెల్డింగ్ చేసిన?"

పేజీ తీసి చూస్తే, కాటలిస్టుల నడుమ అల్యూమినియం వెల్డింగ్ పేపర్లు. మెకానికల్‌ల అదే ఇనీషియల్, అదే పేరున్న ఇంకో సార్ ఉన్నడు. నేను ముడెయ్యంగనే వీవో ఈయనది ఆయనకు, ఆయనది ఈయనకు చూపిస్తున్నది. ముడి విప్పుడు చిటికెల పని, కని స్క్రిప్టు తప్పు మనిషికి అంటిచ్చినయ్ అట్లనే ఉన్నయ్. ఏ పేపరు ఎవరిదో టైటిల్ చూసి నాకేం తెలుస్తది? ప్రింటు తీసి మెకానికల్ సార్‌ను రిఫరెన్స్ సెక్షన్ల కూసోబెట్టిన. చాయ్ తాగుకుంట ఎర్ర పెన్నుతోని టిక్కులు పెట్టిండు. మూడో పేజీల ఆగి, "ఇది నాదేనా?" అని ఆయనే అడిగిండు. ఆయనదే, మర్చిపోయిండు. రెండు ఆదివారాలు గట్లనే పోయినయ్.

ఎవరితోని ఎవరు పేపర్లు రాసిండ్రో వీవో గీసి చూపే కో-ఆథర్ బొమ్మ మస్తుంటదని అందరికి చెప్పుకుంట తిరిగిన మనిషిని నేను. ఇప్పటికీ మంచిగనే ఉంటది. కని ఆ రోజు కెమిస్ట్రీ సార్ చుట్టు మెకానికల్ డిపార్ట్‌మెంటంత గుండ్రంగ నిలవడ్డది, అది కూడ చూడ సక్కగనే ఉండె. పేర్లు సరిగ లేకుంటే బొమ్మకు ఆ సంగతేం తెలుస్తది?

ఇప్పుడైతే పేరు చూసి కలుపుడు బంద్. పరిశోధకునికి ఒక్కటే అని ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ (ORCID) నంబర్ ఉంటేనే ఎక్కిస్త. అదీ పూర్తిగ తెగలే. పాస్‌వర్డ్ మర్చిపోయి రెండో ఆర్కిడ్ తీసుకున్నోళ్లు ఉన్నరు. డీఓఐ, అంటే పేపరుకు ఉండే గుర్తు నంబరు, కొట్టి పేపరు నాదే అని చెప్పుకునే సదుపాయం పిల్ల ప్రొఫెసర్లు వాడతరు, పెద్దోళ్లు నాకే వాట్సప్‌ల పంపిస్తరు.

మీరు గూడ వీవో పెట్టుకోవాల్నా అంటే, మా ఫ్యాకల్టీ వంద లోపే, జావా తెలిసిన రీసెర్చ్ స్కాలర్ పక్క బిల్డింగుల ఉన్నడు. మీరు లైబ్రరీల ఒక్కరే అయితే యూనివర్సిటీ లైబ్రరీలకు సేవలిచ్చే గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఐరిన్స్ చూసుకోండ్రి, అదీ గిట్ల ప్రొఫైళ్లదే, సర్వర్ బాధ వాళ్లే పడతరు. మాకు డేటా మా చేతుల ఉండుడు, గైడ్ నుంచి స్కాలర్ దాకా లింకు కనవడుడు ముఖ్యం, అందుకే వదుల్తలేను.

మొన్న కొత్తగ ఒక మేడం చేరింది. పెండ్లికి ముందు పేపర్లు ఒక ఇంటిపేరుతోని, తర్వాతియి ఇంకోదాంతోని. ఏ గడిల ఏది రాయాల్నో సోమవారం చెప్తనన్నది. ఫారం సగం నింపి పెట్టిన.