అమ్మ కాలు మిషన్: చాలా ఏళ్లు వాడాక నా మాట

కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్లు ఏ మిషన్ కొనాలని అడిగితే, కాలుతో తొక్కే నల్ల ఇనుప మిషనే కొనమంటాను. మా ఇంట్లోది నాకు ఊహ తెలియక ముందు నుంచీ ఉంది. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా వీధి జాకెట్లన్నీ దాని మీదే కుట్టి అమ్మ మా ముగ్గురినీ చదివించింది. ఇప్పుడు అది నా చేతిలో ఉంది.

ముందు మిషన్ సంగతి. సూది మారిస్తే చాలు, సాగే గుడ్డ తప్ప దాదాపు ఏ గుడ్డయినా కుడుతుంది. పట్టుకు 11 నంబరు సూది, మామూలు జాకెట్లకు 14, మందం గుడ్డకు 16, జీన్స్ అంచుకు 18. తొక్కితే చక్రాన్ని తిప్పే తోలు బెల్టు వదులైతే కాస్త కోసి మళ్లీ క్లిప్పు వేస్తాను. కింద దారం ఉండలు కడుతుంటే అందరూ కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ను విప్పుతారు కానీ, ఎక్కువసార్లు కారణం పైన ఉంటుంది. పై దారం, దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చోదు. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి దారం మళ్లీ ఎక్కిస్తే సర్దుకుంటుంది. నూనె మాత్రం మిషన్ ఆయిలే పోయాలి. కొబ్బరి నూనె శీతాకాలంలో లోపల గడ్డకట్టి చక్రాన్ని బిగబడుతుంది.

చేయలేనివీ ఉన్నాయి. జిగ్‌జాగ్ అనే వంకర కుట్టు రాదు, చీరల అంచుకు వేసే పికో బయట చేయించుకోవాల్సిందే. టీషర్టు లాంటి సాగే గుడ్డ మీద కుట్లు తప్పిపోతాయి. అంచును దారంతో చుట్టి కుట్టే ఓవర్‌లాక్ లేదు కనుక అంచు లోపలికి మడిచి రెండోసారి కుట్టాలి. దానికి ఓపిక కావాలి, కానీ అలా కుట్టిన అంచు నూలు ఊడదు.

ఆ లోపలి మడత దగ్గరే అమ్మ పొదుపంతా ఉంది. ఏ జాకెట్టుకైనా పక్కల్లో రెండు వేళ్ల గుడ్డ వదిలి కుట్టేది. ఎందుకంత వదిలావని తెలుగువాళ్లు అడిగినా ఒడియావాళ్లు అడిగినా ఒకే జవాబు: "మనిషి లావవుతాది గానీ గుడ్డ లావవదు కదమ్మా." కాన్పయ్యాక వాళ్లే ఆ జాకెట్టు తెచ్చి కుట్లు విప్పించుకునేవారు. నాన్న చొక్కా కాలర్ అరిగితే విప్పి, తిరగేసి మళ్లీ కుట్టేది. బాగున్న వైపు పైకొచ్చి ఇంకో రెండేళ్లు నడిచేది. చిరిగిన జాకెట్టు హుక్కులు డబ్బాలోకి, పాత చీర ఫాల్ ఇంకో చీరకి, ఆ చీర చివరికి బొంతలోకి. చీర అంటే ఐదున్నర మీటర్ల గుడ్డ, అందులో నిజంగా పాడయ్యేది కొంతే అని అమ్మ లెక్క. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. గుడ్డ ఏ ఒడ్డున చవగ్గా దొరికితే ఆ ఒడ్డున కొనేది.

మా ముగ్గురి మీద ఈ పొదుపు ప్రభావం ఒకేలా పడలేదు. నేను దుకాణంలో రెడీమేడ్ డ్రెస్ చేతికి తీసుకుంటే ముందు తిరగేసి లోపల ఎంత గుడ్డ వదిలారో చూస్తాను. ఏమీ వదలకపోతే ఎంత అందంగా ఉన్నా కొనను. భువనేశ్వర్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు కాలర్ అరిగిన చొక్కాలు దాచి పండక్కి వచ్చినప్పుడు తెస్తాడు. విశాఖలో ఉండే అప్ప, అంటే మా అక్క, దారి వేరు. ఏటా అంచు దింపిన స్కూలు గౌను మీద పాత మడత గీతలు కనబడేవి, తరగతిలో పిల్లలు వాటిని లెక్కపెట్టేవారు. అది దాని మనసులో ఉండిపోయింది. తన కూతురికి అప్ప ఏదీ దింపి తొడగదు, కొత్తదే కొంటుంది. దాన్ని నేను తప్పు పట్టను. గీత కనబడకుండా లేసు కుట్టి ఉంటే బాగుండేది, లేసుకు డబ్బు ఖర్చని అమ్మ కుట్టలేదు. అమ్మ పొదుపులో నాకు నచ్చని చోటు అదొక్కటే. డబ్బు ఎంత బిగిసి ఉండేదో తెలిసినా, అప్ప బాధ నిజం.

మోకాళ్లు నొప్పులంటే అమ్మ కోసం మోటారు పెట్టించాం. అది వంద వాట్ల లోపుదే, పది గంటలు ఆడినా ఒక యూనిట్ కాలదు. కరెంటు బిల్లు తెచ్చి చూపించాకే అమ్మ ఒప్పుకుంది. తోలు బెల్టు మాత్రం తీయనివ్వలేదు, కరెంటు పోతే తొక్కడానికి. ఆ జాగ్రత్త మంచిదైంది. వానాకాలంలో కరెంటు లేని సాయంత్రాల్లో నేను తొక్కే కుడుతున్నాను.

పాత మిషన్ కొనేవాళ్లు చక్రం చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా పట్టకుండా తిరగాలి. గుడ్డను లాగే పళ్లు అరిగితే ధర తగ్గించమనండి, అవి మార్చుకోవచ్చు. ఇనుప స్టాండు విరిగి వెల్డింగ్ చేసి ఉంటే మాత్రం వదిలేయండి. పోత ఇనుముకు ఆ అతుకు నిలవదు.