పర్డీకి కొత్త కాంట్రాక్టా, పాతదే పూర్తి చేయించడమా?

శాంటాక్లారాలో ఉండే తమ్ముడు ఫోన్ చేస్తే చాలు, హనుమకొండలో మా ఇంట్లో ఇదే వాదన నడిచేది. అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపే ఆటగాడు) బ్రాక్ పర్డీని శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు 2022 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, అందరికంటే చివర, 262వ ఆటగాడిగా తీసుకుంది. మొదటి మూడేళ్లూ ఏటా 10 లక్షల డాలర్ల లోపు జీతమే.

నాలుగో ఏడూ పాత ఒప్పందంతోనే ఆడిస్తే జట్టుకు డబ్బు మిగిలేది. మొత్తం జీతాలకు లీగ్ పరిమితి ఉంది కాబట్టి ఆ డబ్బుతో మిగతా ఆటగాళ్లను నిలుపుకునే వీలుండేది. "సంతకం పెట్టినంక ఆడాల్సిందే" అనేవారు నాన్న.

కానీ లీగ్ నియమం ప్రకారం మూడు సీజన్లు గడిచేదాకా జీతం పెంచమని అడిగే వీలే లేదాయె! 2023 జనవరిలో మోచేతి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేయించుకుని వచ్చి, తర్వాతి సీజన్‌లోనే జట్టును లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. ఆ చెయ్యి మళ్లీ పోతే దిక్కెవరు? నా ఓటు కొత్త కాంట్రాక్టుకే. చివరికి 2025 మేలో కొత్త ఒప్పందమే ఐదేళ్లకు 26.5 కోట్ల డాలర్లకు కుదిరింది. అది అతని కష్టార్జితం.