మంగు మచ్చలకు 14 నెలల అజెలాయిక్ యాసిడ్: నా అనుభవం

రెండు బుగ్గల మీద, పై పెదవి మీద మంగు. గడ్డం దగ్గర మొటిమలు మానిన చోట నల్లటి గుర్తులు. వీటికి చర్మవైద్యురాలు రాసిచ్చిన 20 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీమును 14 నెలలుగా వాడుతున్నాను.

అంతకుముందు తెలిసినవాళ్లు ఇచ్చిన ఒక క్రీమును నాలుగు నెలలు రాశాను. రెండు వారాల్లోనే ముఖం తేటబడితే ఎంత సంబరపడ్డానో! ఆపగానే బుగ్గలు ఎర్రగా కందిపోయాయి, సన్నని రక్తనాళాలు బయటపడ్డాయి, మంగు ఇంకా ముదిరి తిరిగొచ్చింది. అందులో చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉందని తర్వాత తెలిసింది. వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు మాత్రమే వాడాల్సిన మందు అది. దయచేసి అలాంటివి మీ అంతట మీరు రాసుకోకండి.

అజెలాయిక్ యాసిడ్ నెమ్మది మందు. మొదట్లో రాసిన కాసేపటికే బుగ్గల మీద చీమలు పాకుతున్నట్టు చురచురలాడేది. తడి ముఖానికి రాయడం మానేసి, బాగా ఆరాక మాయిశ్చరైజర్ మీద రాస్తే తగ్గింది. రోజు విడిచి రోజు మొదలుపెట్టి, నెల తర్వాత రోజుకు రెండు పూటలకు వచ్చాను.

నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫోటో తీసుకునేదాన్ని. మొటిమల గుర్తులు మూడో నెలకే పలచబడ్డాయి. మంగు మాత్రం అంగుళం కదలలేదు. కారణం నేనే: ఇంట్లో ఉన్న రోజున సన్‌స్క్రీన్ రాసేదాన్ని కాదు. ఎండలోని యూవీఏ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు కిటికీ అద్దం దాటి వస్తాయి. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును ముదురు చేస్తుంది, మామూలు తెల్ల సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును ఈ క్రీము అణచిపెడుతుంటే, వెలుతురు దాన్ని మళ్లీ రెచ్చగొడుతుంది.

ఐదో నెలలో, కంటికి కనిపించే వెలుతురును కూడా అడ్డుకునే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగు సన్‌స్క్రీన్‌కు మారాను. అప్పుడు కదిలింది. ముందు మచ్చ అంచులు చెదిరాయి, గీత గీసినట్టుండేది పొగలా అయింది. పదో నెలకు బుగ్గల మీద సగానికి పైగా తగ్గింది. మధ్యలో మూడు రోజుల ప్రయాణంలో సన్‌స్క్రీన్ అశ్రద్ధ చేస్తే వారంలోనే మళ్లీ నల్లబడింది.

ఇబ్బందులూ ఉన్నాయి. మెడ దగ్గర బట్టలకు గోధుమరంగు మరక అంటుతుంది. నా ఛాయకు సరిపడే రంగు దొరకడానికి మూడు మార్చాల్సి వచ్చింది. పై పెదవి మీది మంగు ఇప్పటికీ అలాగే ఉంది. దానికి వేరే చికిత్స గురించి వచ్చే నెల వైద్యురాలిని అడగబోతున్నాను. క్రీము మాత్రం ఆపడం లేదు.