అంబేడ్కర్ జీవితంపై 14 ఫ్లెక్సీలు: శ్రీకాకుళంలో అద్దెకు దొరికే సెట్టు ఎలా ఉంది

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక ఫ్లెక్సీ షాపువాళ్లు అంబేడ్కర్ జీవితంపై 14 ప్యానెళ్ల సెట్టు అద్దెకిస్తున్నారు. ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు, చెక్క ఫ్రేము. రెండు రోజులకు 1,800 రూపాయలు, డిపాజిట్ వేరే. ఏప్రిల్ 14కి కావాలంటే మార్చిలోనే చెప్పి ఉంచుకోవాలి. డిసెంబరు 6 వర్ధంతికి అంత తాకిడి ఉండదు.

అన్నింట్లోకీ మహారాష్ట్రలోని మహాడ్ చెరువు ప్యానెల్ బాగా కుదిరింది. దళితులకు ఆ చెరువు నీళ్ల హక్కు కోసం అంబేడ్కర్ చేసిన సత్యాగ్రహం గురించి ఇది. మామూలుగా దోసిట్లో నీళ్లు తాగుతున్న బొమ్మ వేసి, కింద 1927 మార్చి 20 అని రాసి వదిలేస్తారు. ఇందులో ముందూ వెనకా చెప్పారు. చవదార్ చెరువును అందరూ వాడుకోవచ్చని మహాడ్ మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. తీర్మానం ఉన్నా దళితుల్ని గట్టు ఎక్కనివ్వలేదు. సత్యాగ్రహం తర్వాత అగ్రకులాలవాళ్లు చెరువును ‘శుద్ధి’ చేసి, అది మాదేనంటూ కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టులో కేసు అంబేడ్కర్ పక్షాన తేలేసరికి 1937 వచ్చింది. చెరువు నీళ్లకు పదేళ్లు! బడి పిల్లలకు చూపించేటప్పుడు వరస పక్కనపెట్టి, ముందు దీని దగ్గరికే తీసుకెళ్లండి.

కార్మిక శాఖ ప్యానెల్ కూడా మెచ్చుకోదగ్గది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆ శాఖ ఆయనదే. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48కి తగ్గించిన సవరణ 1946లో వచ్చింది. నెల్లిమర్ల, రాజాం వైపు జూట్ మిల్లుల్లో షిఫ్టులు చేసిన ఇళ్లవాళ్లకు ఈ అంకె విడమరచి చెప్పక్కర్లేదు. ఇంత మంచి విషయాన్ని చివరి వరసలో చిన్న ఫొటోతో సర్దేశారు. ఆడవాళ్లకు ఆస్తి, విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లు మీద 1951లో మంత్రి పదవి వదులుకున్న సంగతికైతే రెండే లైన్లు. ఆడపిల్లల బడిలో పెట్టేవాళ్లు దానికి విడిగా ఒక చార్టు రాయించుకోవడం మంచిది.

అసలు ఇబ్బంది 11, 12 ప్యానెళ్లతో. పదకొండో దాంట్లో ఆయన్ని ‘రాజ్యాంగ సభ అధ్యక్షుడు’ అన్నారు. ఆ సభకు అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్. అంబేడ్కర్ 1947 ఆగస్టు 29న వేసిన ఏడుగురి ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు. పన్నెండో దాంట్లో ‘రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టారు’ అని ఉంది. ఈ మాట రచ్చబండల దగ్గర రోజూ వినపడేదే, అందుకే అది ఫ్లెక్సీ ఎక్కడం మరీ ప్రమాదం. పదేళ్ల గడువు పెట్టింది లోక్‌సభ, శాసనసభల్లో రిజర్వుడు సీట్లకు. అది 334వ అధికరణం. దాన్నే పార్లమెంటు ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తోంది. ఉద్యోగాల సంగతి చెప్పే 16(4)లోగానీ, చదువు కోసం 1951లో చేర్చిన 15(4)లోగానీ గడువన్నదే లేదు. ఈ రెండు ప్యానెళ్లూ దిద్దించకుండా పెట్టొద్దు. మొత్తం మళ్లీ ప్రింటు చేయనక్కర్లేదు, తప్పు లైను మీద స్టికర్ అంటిస్తే సరిపోతుంది.

అక్షరాల్లోనూ లోపాలున్నాయి. ఫోన్లో, కంప్యూటర్లో మామూలుగా టైపు చేసే యూనికోడ్ మ్యాటర్‌ని ప్రింటింగువాళ్లు వాడే అను ఫాంట్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి. ఇక్కడ రెండుచోట్ల ‘రాజ్యాంగం’ కాస్తా ‘రాజాంగం’ అయింది. స్టికర్లు వేయించేటప్పుడు ముందు ఏ4 కాగితం మీద ప్రూఫ్ తీయించి, ఒత్తులూ తేదీలూ ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి.

ప్యానెళ్లను వరండాలోనే పెట్టండి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తే 6 అడుగుల ఫ్లెక్సీ తెరచాపలా పొంగి, ఫ్రేముతో సహా పడిపోతుంది. పైన రెండు మూలలే కడితే చాలదు, కింద కూడా సుతిలితాడుతో స్తంభానికి బిగించాలి. అక్షరాలు అరంగుళం ఎత్తే కాబట్టి తాడు అడ్డం కట్టి జనాన్ని దూరంగా ఆపితే ఎవరూ చదవలేరు. ట్యూబులైటు ఎదురుగా ఉంటే ఫ్లెక్సీ మెరిసి అక్షరం కనపడదు, లైటు పైనుంచి పడేలా చూసుకోండి.

చివరి ప్యానెల్లో 1990 నాటి భారతరత్న, దేశమంతటా ఉన్న విగ్రహాలు వేశారు. 2008లో ఆయన పేరుతో ఎచ్చెర్లలో వచ్చిన యూనివర్సిటీ ఫొటో మాత్రం లేదు. అడుగున అడుగు జాగా ఖాళీగానే ఉంది, అడిగితే వేసిస్తామంటున్నారు. తిరిగిచ్చే రోజున ఫ్రేములు విప్పాల్సి వస్తే ఫ్లెక్సీని మడతపెట్టకుండా, బొమ్మ బయటికి ఉండేలా చుట్టండి. మడత పడిన చోట రంగు చిట్లితే ఆ డబ్బు డిపాజిట్లోంచి పట్టుకుంటారు.