చవగ్గా వస్తున్నాయని ఆన్‌లైన్‌లో ఖాళీ డీవీడీలు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

కోర్టు ముందు జిరాక్స్ షాపు మాది. ఈ రోజుల్లో డీవీడీలు ఎవరు కొంటారని నవ్వేవాళ్ళు ఒక్క పూట మా షాపులో కూర్చుంటే తెలుస్తుంది. సీసీ కెమెరా ఫుటేజీ, ఫోన్ రికార్డింగులు మా వకీలు గార్లు ఇప్పటికీ డిస్కులోనే అడుగుతారు. ఒకసారి రాసి క్లోజ్ చేసిన డీవీడీ-ఆర్‌లో ఫైలు మార్చడం కుదరదు. పైగా కవర్లో పెట్టి కేసు కట్టకి కుట్టేయొచ్చు. కోర్టుకొకటి, అవతలి పార్టీకొకటి... పెన్‌డ్రైవులైతే అలా ఎవరు పంచిపెడతారు?

మొన్న ఆన్‌లైన్‌లో 50 డిస్కుల బాక్స్ 450కే కనబడింది. నేను మామూలుగా తెచ్చేది 900. పేరున్న బ్రాండే కదా అని ఆశపడ్డాను. మొదటి పది పన్నెండు బాగానే రైట్ అయ్యాయి, అన్నీ చిన్న క్లిప్పులే. తర్వాత ఒక స్థలం తగాదాలో 4 జీబీ ఫుటేజీ వచ్చింది. 100 శాతం అని చూపించింది, ఇచ్చేశాను. హడావిడిలో వెరిఫై (రాసింది మళ్ళీ సరిగ్గా చదువుతోందో లేదో చూడటం) పెట్టలేదు, అది నా తప్పే. రెండు రోజులకి వకీలు గారి గుమాస్తా అదే డిస్కు పట్టుకొచ్చాడు. "అన్నా, సరిగ్గా గోడ పడగొట్టే దగ్గరే ఆగిపోతోంది."

డీవీడీ లోపలి నుంచి అంచు వైపు రాసుకుంటూ పోతుంది. చిన్న ఫైళ్ళకి అంచు దాకా పనే పడదు. ట్యూబ్‌లైటు కింద తిప్పి చూస్తే అంచు చుట్టూ ఊదా రంగు పలచబడి మరకలు. డిస్కులు రాసే ఇమ్‌జీబర్న్ సాఫ్ట్‌వేర్‌లో తయారీ కోడ్ చూశాను, డిస్కు ఎవరు తయారుచేశారో అది చెబుతుంది. బ్రాండ్లు బయట చేయించుకోవడం మామూలే, కానీ ఒకే బాక్సులో రెండు రకాల కోడ్లు!

2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో హ్యాష్ వాల్యూ (ఫైలుకి వేలిముద్ర లాంటి నంబరు) కూడా రాయాలి. డిస్కులో ఫైలే పూర్తిగా చదవకపోతే ఆ నంబరు ఎలా కలుస్తుంది? కెమెరా రికార్డర్ (డీవీఆర్)లో పాత ఫుటేజీ అప్పటికే చెరిగిపోయింది. నా సిస్టమ్‌లో కాపీ ఉండబట్టి బతికిపోయాను.

అమ్మినవాడు "సీల్ తీశారు, వాపసు లేదు" అన్నాడు. అందుకే బాక్స్ రాగానే, రిటర్న్ గడువు లోపలే, ఒక డిస్కు నిండా రాసి వెరిఫై చేయండి. సీల్ తీసేటప్పుడు వీడియో తీసుకోండి. మిగిలిన డిస్కులు మా బావమరిది పిట్టలు వాలకుండా జొన్నచేలో దారాలకి కట్టుకున్నాడు.